ఎండాకాలపు నగర సాయంత్రాలకు పాతకాలపు దుస్తులు: ఏవి తొడగాలి, ఏవి దాచాలి?

సాయంకాలపు షికారు

ఎండలు మొదలైతే చాలు, నగరమంతా ఆరుబయటకు వచ్చేస్తుంది. పార్కుల్లో కచేరీలు, పచ్చికమీద తెర కట్టి వేసే సినిమాలు, కూడళ్లలో స్వింగ్ నాట్యాలు, రాత్రి పొద్దుపోయేదాకా తెరిచి ఉంచే మ్యూజియాలు, ఆదివారం పాత సామాన్ల సంతలు. వీటి కోసమే నేను మిగతా ఏడాదిని భరిస్తున్నానేమో అనిపిస్తుంది. వీటన్నిటికీ 1940లు, 50ల నాటి దుస్తుల్లో వెళ్లడం నాకు ఎంతో ఇష్టం. చిక్కల్లా ఏమిటంటే, నా బీరువాలో ఉన్నవాటిలో కొన్ని ఈ ఎండకు తట్టుకోలేవు, మిగిలినవాటిలో నేను తట్టుకోలేను.

మొన్న ఆరుబయట నాట్యానికి 50ల నాటి నూలు గౌను వేసుకొని వెళితే, రెండో పాట పూర్తి కాకముందే కుడి చంక కింద చిరిగింది. కుట్టు విడిపోలేదు, బట్టే చిరిగింది. పక్కనున్నవారిలో ఒకరు, ఇలాంటివి అద్దాల బీరువాలో ఉండవలసినవే గాని ఒంటిమీద ఉండవలసినవి కావని హితవు చెప్పారు. ఇంకొకరు ఏ నాటకంలో వేషమని అడిగారు. రెండో ప్రశ్నకు నేనే సమాధానం చెప్పుకున్నాను. మొదటిదానికి మాత్రం మీ అందరి అభిప్రాయం కావాలి. పాత దుస్తులను మండుటెండలో, చెమటలో, గుంపులో వేసుకు తిరగడం సబబేనా? సబబే అయితే, వాటినీ మనల్నీ ఎలా కాపాడుకోవాలి?

బొత్తాలపెట్టె

ఆ గౌను చేతులు విడిగా కత్తిరించి అతికించినవా, లేక భుజంతో కలిపి ఒకే ముక్కగా తీసినవా?

సాయంకాలపు షికారు

ఒకే ముక్కగా తీసినవే. చంక కింద చిన్న పలక ఆకారపు ముక్క అదనంగా కుట్టి ఉంది. సరిగ్గా దాని మూల దగ్గరే చిరిగింది.

బొత్తాలపెట్టె

అయితే అది చిరగడంలో ఆశ్చర్యం లేదు. 50ల నాటి గౌన్లలో ఈ రకం చేతులు చాలా ఎక్కువ. చెయ్యి పైకెత్తినప్పుడు కదలడానికి చోటు కోసం ఆ పలకముక్కను పెడతారు. దాన్ని అతికించాలంటే పెద్ద బట్టలో చీలిక పెట్టాలి. ఆ చీలిక చివర, అంటే పలకముక్క మూల దగ్గర, కుట్టుకు పట్టు ఇచ్చే బట్ట దాదాపు ఉండదు. చెయ్యి ఎత్తిన ప్రతిసారీ లాగుడంతా వచ్చి పడేది అక్కడే, చెమట తగిలేదీ అక్కడే.

బాగుచేయడం కష్టం కాదు. ఆనాటి గౌన్లలో పాదాల వైపు అంచు మడత ఉదారంగా వదిలేవారు కాబట్టి, లోపలి నుంచి ఒక చిన్న ముక్క తీసుకోవచ్చు. రంగు, వెలిసిన తీరు రెండూ దానికి దగ్గరగా కలుస్తాయి. చిరుగు వెనక పలుచని, మెత్తని నూలు గుడ్డను పెట్టి, చేత్తో దగ్గర దగ్గరగా కుట్టండి. పాత పలకముక్కను తీసేసి దానికన్నా కొంచెం పెద్దది, క్రాస్‌గా కత్తిరించినది పెడితే, లాగినప్పుడు అది సాగి మూలమీద భారం తగ్గిస్తుంది. తీసిన పాత ముక్కను పారేయకుండా ఒక కవరులో పెట్టి ఆ గౌనుతోనే ఉంచండి.

ఇంకొక మాట. నాట్యానికి చేతుల్లేని గౌను గాని, చేతులు విడిగా అతికించినది గాని ఎంచుకోండి. కలిపి కత్తిరించిన చేతులు కూర్చొని కచేరీ వినడానికి బాగుంటాయి.

నూలుపోగు

బొత్తాలపెట్టె గారు కుట్టు సంగతి చెప్పారు కాబట్టి నేను బట్ట సంగతి చెబుతాను. ఎండాకాలానికి పాత దుస్తులు ఎంచుకునేటప్పుడు మొదట చూడవలసింది అవి ఏ సంవత్సరానివన్నది కాదు, తడిస్తే వాటి బలం ఏమవుతుందన్నది. నూలు, లినెన్ తడిసినప్పుడు పొడిగా ఉన్నప్పటికన్నా గట్టిపడతాయి. రేయాన్ అందుకు పూర్తిగా విరుద్ధం. తడిస్తే దాని బలం దాదాపు సగం పోతుంది. 1930లు, 40ల నాటి అందమైన జారుడు గౌన్లలో చాలా భాగం రేయాన్ క్రేపువే. చంకలు, వీపు, నడుము, అంటే చెమట ఎక్కడ పడుతుందో అక్కడే అవి బలహీనమవుతాయి, అక్కడే మనం లాగుతాం. పైగా వాన పడితే ముడుచుకుంటాయి. మోకాళ్ల కింద ఉండవలసిన అంచు ఇల్లు చేరేసరికి మోకాళ్ల పైకి వచ్చిన సందర్భాలు నేను కళ్లారా చూశాను.

చూడడానికి చల్లగా ఉంది కదా అని రేయాన్ గౌనును ఆరుబయట నాట్యానికి వేసుకోవద్దు. మ్యూజియానికి, గాలి చల్లగా ఉండే హాలుకు, నిదానంగా నడిచే చోటికి వేసుకోండి.

అద్దాలబీరువా

ఆ హితవు చెప్పింది నేను కాదు, కాని నేను అక్కడ ఉన్నా అదే చెప్పేవాడిని. పేరు చూశారు కదా.

విషయానికి వస్తే, 2022 మే నెలలో న్యూయార్క్‌లో జరిగిన మెట్ గాలా అనే ఫ్యాషన్ వేడుకకు, 1962లో సినీనటి మార్లిన్ మన్రో తొడిగిన గౌనును కిమ్ కర్దాషియన్ వేసుకొని వెళ్లినప్పుడు, అంతర్జాతీయ మ్యూజియాల మండలికి చెందిన దుస్తుల కమిటీ ఒక ప్రకటన చేసింది. చారిత్రక దుస్తులను ఎవరూ, వారు ఎంతటి ప్రముఖులైనా, తొడగకూడదన్నది దాని సారాంశం. ఒంటి వేడి, చెమట, కదలిక, వెలుతురు, సౌందర్య సాధనాలు, వీటిలో ప్రతి ఒక్కటీ పాత బట్టకు హాని చేసేదే. ఎండాకాలంలో అవన్నీ ఒక్కసారిగా మీద పడతాయి. మన దగ్గరున్నది మన్రో గౌను కాకపోవచ్చు, కాని దారానికి ఆ తేడా తెలియదు.

నలిగిన లినెన్

దారానికి తెలియదు, సరే. మనకు తెలియాలి కదా! మన్రో గౌను ఒక్కటే. సాయంకాలపు షికారు గారు చెప్పిన రకం నూలు గౌను ఫ్యాక్టరీలో వందల సంఖ్యలో కుట్టినది. దాన్ని కొనుక్కున్న మొదటి మనిషి కూడా అందులో చెమట పట్టించుకుంది, ఉతుక్కుంది, ఎండలో ఆరవేసుకుంది, వేసుకొని నాట్యమాడింది. మ్యూజియాల నియమాన్ని తీసుకొచ్చి ప్రతి పాత చొక్కాకూ తగిలిస్తే, చివరికి ఆ చొక్కాలు ఎవరూ కొనరు, ఎవరూ బాగుచేయరు, అవి చెత్తలోకి పోతాయి. వేసుకునేవారు ఉండబట్టే వాటికి విలువ మిగిలి ఉంది.

అద్దాలబీరువా

వందల సంఖ్యలో కుట్టినవాటిలో ఎన్ని మిగిలాయన్నదే అసలు ప్రశ్న. సామాన్యుల దుస్తులు ధనికుల దుస్తులకన్నా అరుదుగా మిగులుతాయి, ఎందుకంటే వాటిని చిరిగేదాకా వేసుకొని, ఆ తరువాత గుడ్డపీలికలుగా వాడేస్తారు. 1930లలో అమెరికా పల్లెల్లో పిండి సంచుల గుడ్డతో కుట్టుకున్న గౌన్లు ఇప్పుడు దొరికితే, వాటిని నేను పట్టు గౌనుకన్నా జాగ్రత్తగా చూస్తాను.

నలిగిన లినెన్

ఈ ఒక్క మాట ఒప్పుకుంటాను. అయినా నా లినెన్ కోటును మీ బీరువాకు ఇవ్వను.

గడ్డిటోపీ

నగరంలో ఎండాకాలపు దుస్తుల గురించి గొడవపడడం కొత్తేమీ కాదు. మగవారు గడ్డి టోపీలను సెప్టెంబరు 15 దాటాక పెట్టుకోకూడదన్న అలిఖిత నియమం ఒకటి న్యూయార్క్‌లో ఉండేది. 1922లో గడువుకు రెండు రోజుల ముందే, సెప్టెంబరు 13న, కుర్రకారు గుంపులుగా వీధుల్లోకి వచ్చి, కనపడినవారి టోపీలు లాక్కొని తొక్కడం మొదలుపెట్టారు. అది కొట్లాటలుగా ముదిరి కొన్ని రోజులు సాగింది. మిమ్మల్ని నాటకంలో వేషమా అని మాత్రమే అడిగారంటే, సాయంకాలపు షికారు గారూ, నాగరికత ఎంతో ముందుకు వెళ్లినట్టే.

సాయంకాలపు షికారు

ఈసారి ఎవరైనా అడిగితే ఈ కథ చెప్పి టోపీ గట్టిగా పట్టుకుంటాను.

రెండువరసల బొత్తాలు

ఇక్కడ అందరూ గౌన్ల గురించే మాట్లాడుతున్నారు. మగవారి గోడు ఎవరు వింటారు? 1930లు, 40ల నాటివంటూ దొరికే సూట్లలో అధికభాగం బరువైన ఉన్నివి. తేలికపాటి ఎండాకాలపు సూట్లను ఆనాటివారు అరిగిపోయేదాకా వేసుకోవడం వల్ల అవి దొరకవు, దొరికితే కొనలేం. రెండువరసల బొత్తాల ఉన్ని కోటు వేసుకొని ఆరుబయట కచేరీకి వెళితే, పాటగాడికన్నా ముందు నాకు నీళ్లు తాగించవలసి వస్తుంది.

నలిగిన లినెన్

కోటు వదిలేయండి. ప్యాంటు, చొక్కా చాలు. ఆ కాలపు ప్యాంట్లు నడుముకు ఎత్తుగా, తొడల దగ్గర వదులుగా, కుచ్చిళ్లతో ఉంటాయి. లోపల గాలి ఆడుతుంది. భుజాల పట్టీలతో వేసుకుంటే నడుము దగ్గర బిగించే బెల్టు అక్కరలేదు, అక్కడ చెమట పట్టదు. బిగుతు జీన్సు వేసుకొని పక్కన నిలబడిన మిత్రుడి ముఖం చూస్తే మీకే జాలి వేస్తుంది.

నూలుపోగు

కోటు తప్పనిసరైతే సీర్‌సకర్ అనే ముడతల చారల బట్ట చూడండి. పడుగు దారాల్లో కొన్నిటిని బిగుతుగా, కొన్నిటిని వదులుగా పెట్టి నేస్తారు. వదులు దారాల చారలు ముడుచుకొని ఉబ్బుతాయి కాబట్టి బట్ట ఒంటికి పూర్తిగా అంటుకోదు, మధ్యలో గాలి తిరుగుతుంది. ముడతలు దాని స్వభావమే కాబట్టి ఇస్త్రీ బాధ కూడా లేదు. న్యూ ఆర్లీన్స్‌లో జోసెఫ్ హ్యాస్పెల్ ఇరవయ్యో శతాబ్దం తొలినాళ్లలోనే దీనితో మగవారి సూట్లు కుట్టించి పేరు తెచ్చుకున్నాడు. అంతకుముందు అది పనివారి బట్ట.

కోటు లోపల చూడడం కూడా మరిచిపోవద్దు. వీపుకు అస్తరు లేకుండా, భుజాల దగ్గర మాత్రమే ఉన్న కోటు ఎండాకాలానికి కుట్టినది. బయట బట్ట ఎంత పలుచనైనా లోపల అంతటా అస్తరు ఉంటే లాభం లేదు.

రెండువరసల బొత్తాలు

అస్తరు సంగతి నాకు ఎవరూ చెప్పలేదు. ఇప్పుడే బీరువా తెరిచి చూశాను. అన్నీ నిండు అస్తరువే. నా పేరు మార్చుకోవలసి వచ్చేలా ఉంది.

డిస్కోరాణి

నేను 70ల నాటి పాలియెస్టర్ మనిషిని. అది చిరగదు, ముడత పడదు, రంగు పోదు, ఎలా ఉతికినా కిక్కురుమనదు. మీరు ఇంత బాధపడేదంతా తప్పు దశాబ్దాన్ని ఎంచుకోవడం వల్లనే.

నూలుపోగు

మీరు చెప్పినవన్నీ నిజమే. అది చెమటను పీల్చుకోదన్న ఒక్కటీ చెప్పడం మరిచారు.

డిస్కోరాణి

చెప్పకుండా వదిలేశాను. దుస్తులు కలకాలం నిలుస్తాయి, నేను నిలుస్తానా అన్నది వేరే సంగతి.

చమ్కీలదండ

1920ల నాటి సరదా ఉన్నవారికి ఒక హెచ్చరిక. న్యూయార్క్‌లోని గవర్నర్స్ ఐలాండ్‌లో జాజ్ ఏజ్ లాన్ పార్టీ పేరుతో ఎండాకాలపు వేడుక ఒకటి 2005లో మొదలైంది. ఆ కాలపు సంగీతం, నాట్యం, పచ్చికమీద విందు, వచ్చేవారు ఆ కాలపు వేషంలో రావడం దాని ముచ్చట. అలాంటి వేడుకల ఫొటోలు చూసి, అసలైన 20ల నాటి పట్టు గౌను కొని ఎండలో వేసుకుందామని చాలామందికి అనిపిస్తుంది. దయచేసి ఆ పని చేయకండి.

కారణాలు రెండు. మొదటిది, ఆ కాలపు పట్టులో చాలావరకు లోహ లవణాలతో బరువు పెంచినది. పట్టు దారానికున్న సహజమైన బంకను ఉడికించి తీసేస్తే బరువు తగ్గుతుంది. పట్టు అమ్మకం తూకంమీద కాబట్టి, ఆ లోటును తగరపు లవణాలు ఎక్కించి పూడ్చేవారు. బట్ట నిండుగా, జారుడుగా కనిపించేది, కాని ఆ లవణాలే కాలక్రమంలో దారాన్ని తినేస్తాయి. హ్యాంగరుకు వేలాడినప్పుడు నిక్షేపంలా కనిపించే గౌను, ఒంటిమీదికి వచ్చి ఒకసారి కూర్చోగానే నిలువునా చీలికలు పడుతుంది. ఒకసారి అలా మొదలైతే కుట్టి ఆపలేం, ఎందుకంటే సూది గుచ్చిన ప్రతి చోటా కొత్త చీలిక పడుతుంది.

రెండోది, 20లు, 30లలో చమ్కీలను జెలటిన్‌తో కూడా చేసేవారు. జెలటిన్ తేమకూ వేడికీ కరుగుతుంది. జంటగా నాట్యం చేసేటప్పుడు జోడీ అరచెయ్యి వీపుమీద ఎక్కడ ఆనిందో, అక్కడ చమ్కీలు వంకర తిరిగి, ఒకదానికొకటి అంటుకుపోయిన పాత గౌన్లు ఉన్నాయి. చెయ్యి ముద్ర పడినట్టే ఉంటుంది. అది ఒక్క పాట సేపటి పని.

అద్దాలబీరువా

చూశారా? నేను చెబితే చాదస్తం అన్నారు.

కొత్తబట్ట పాతకోత

అందుకే నేను పాత కోతలతో కొత్త బట్ట కుట్టించుకుంటాను. 40లు, 50ల నాటి కాగితపు నమూనాలు సంతల్లో, ఇంటర్నెట్లో దొరుకుతాయి, కొన్ని కంపెనీలు తమ పాత నమూనాలను మళ్లీ ముద్రిస్తున్నాయి కూడా. పలుచని నూలు తీసుకొని, నా కొలతలకు కుట్టించుకొని, భయం లేకుండా పచ్చికమీద కూర్చుంటాను. పైగా మెట్ గాలాలో కిమ్ కర్దాషియన్ కూడా మెట్లు ఎక్కేదాకానే అసలు గౌనులో ఉండి, తరువాత నకలులోకి మారిపోయారు కదా. అంత పెద్ద వేడుకకే నకలు పనికొచ్చినప్పుడు, మన పార్కుకు పనికిరాదా?

నలిగిన లినెన్

పనికొస్తుంది, కాని అదే ఇది కాదు. పాత బట్టకు చేతికి తగిలే ఒక తీరు ఉంది. ఎన్నోసార్లు ఉతికిన నూలు మెత్తదనం కొత్త బట్టకు రాదు. ఇంకెవరో వేసుకున్నారన్న ఊహ కూడా ఆ సరదాలో భాగం. ఒక కోటు జేబులో నాకు ఎప్పటిదో కచేరీ టికెట్ ముక్క దొరికింది. దాన్ని ఏ కొత్త బట్ట ఇవ్వగలదు?

కొత్తబట్ట పాతకోత

కొత్త బట్ట కూడా ఇస్తుంది, ఓపికగా ముప్పై ఏళ్లు ఆగితే.

మెట్రోపక్షి

నా ప్రశ్న వేరు. తల నుంచి పాదాల దాకా ఒకే కాలానికి చెందినవి వేసుకోవాలా? 50ల గౌను వేసుకున్నప్పుడు మేజోళ్లు, లోపలి వలగుడ్డ లంగా, చేతి తొడుగులు కూడా ఉంటేనే సరైన రూపమని కొందరు అంటారు. మెట్రోలో ఆ వలగుడ్డ లంగాతో కూర్చుంటే పక్క సీటు కూడా నాదే అవుతుంది, ఎండలో అది తొడలకు గుచ్చుకుంటుంది.

బొత్తాలపెట్టె

నిజమైన చరిత్ర అడిగితే వట్టి కాళ్లే సరైనవి. రెండో ప్రపంచయుద్ధ కాలంలో మేజోళ్లు దొరకక, ఆడవారు కాళ్లకు రంగు పూసుకొని, పిక్క వెనక పెన్సిలుతో కుట్టు గీత గీసుకునేవారు. ఎండకు ఆ గీత ఎటు జారేదో తలచుకుంటే నవ్వొస్తుంది. బ్రిటన్‌లో 1941 జూన్ నుంచి 1949 మార్చి దాకా దుస్తులకు రేషను ఉండేది. ఉన్నవాటినే కలిపి, కత్తిరించి, తిరగేసి కుట్టుకొని వేసుకున్న కాలమది. నిండు అలంకరణ అన్నది ఫ్యాషన్ పత్రికల్లోది, వీధిలోది కాదు.

వలగుడ్డ లంగా బదులు మెత్తని నూలు లంగాకు కింద ఒక వరస కుచ్చులు పెట్టించండి. ఉబ్బు కొంచెం తగ్గుతుంది, హాయి చాలా పెరుగుతుంది.

నలిగిన లినెన్

దీనికి తోడు, ఎండాకాలాన్ని ఎరిగి కుట్టినవారి పని చూడండి. అమెరికాలో క్లేర్ మెకార్డెల్ అనే డిజైనర్ 1942లో చుట్టుకొని కట్టుకునే పాప్ఓవర్ గౌనును తెచ్చింది. డెనిమ్, సీర్‌సకర్, గళ్ల నూలు, పెద్ద జేబులు, చదును చెప్పులు, ఇవే ఆమె సరంజామా. బ్రిటన్‌లో హారక్సెస్ కంపెనీ 1946 నుంచి పూల నూలు గౌన్లను అమ్మింది. ఇవన్నీ మేజోళ్లు, చేతి తొడుగులు లేకుండానే నిండుగా కనిపిస్తాయి. మెట్రోపక్షి గారు సరైన రూపం గురించి మథనపడడం మాని ఇటువంటివి వెతకాలి.

మొదటిసారి

ఈ చర్చ చదివి ఉత్సాహం వచ్చి, ఆదివారం సంతలో 40ల నాటిదని చెప్పిన ఒక గౌను చూశాను. లోపల ఎలా ఉతకాలో చెప్పే చీటీ ఉంది, వెనక ప్లాస్టిక్ జిప్పు ఉంది, సైజు 14 అని ఉంది, నాకేమో బిగుతుగా ఉంది. కొనవచ్చా?

బొత్తాలపెట్టె

నచ్చితే కొనండి, 40ల నాటి ధర మాత్రం ఇవ్వకండి. అమెరికాలో ఉతికే విధానం చీటీ తప్పనిసరి అయింది 1972లో, అందుచేత ఆ చీటీ ఉన్న గౌను ఎక్కువగా ఆ తరువాతిదే. 40లలో అయితే జిప్పు లోహంది, సాధారణంగా పక్క కుట్టులో, చెయ్యి కింద ఉంటుంది. కొన్నిటికి జిప్పే ఉండదు, టిచ్ బటన్లు, హుక్కులు ఉంటాయి. నైలాన్ జిప్పులు విరివిగా వచ్చింది 60లలో. అయితే జిప్పును ఎవరైనా తరువాత మార్చి ఉండవచ్చు కాబట్టి, దాని చుట్టూ పాత సూది రంధ్రాలు ఉన్నాయేమో చూడండి.

అమెరికా గౌను అయితే లోపల ఆడవారి దుస్తుల కార్మికుల సంఘం చీటీ కూడా ఉండవచ్చు. అందులో ఎరుపు, తెలుపు, నీలం మూడు రంగులూ ఉంటే 1974 తరువాతిది.

సైజు అంకెను పూర్తిగా మరిచిపోండి. మీకు బాగా సరిపోయే గౌను ఒకటి పరచి, ఛాతీ, నడుము, భుజం, చంక లోతు కొలుచుకొని, ఆ కొలతల చీటీ జేబులో పెట్టుకొని సంతకు వెళ్లండి. ఎండాకాలానికైతే నడుము దగ్గర రెండు వేళ్లు దూరేంత వదులు ఉండాలి. ఉక్కపోతలో మనిషి కొంచెం ఉబ్బుతాడు, బట్ట ఉబ్బదు.

మొదటిసారి

మూడు రంగులూ ఉన్నాయి. అమ్మేవారికి చెబితే, అయితే 40లలో కుట్టి 70లలో చీటీ వేశారేమో అన్నారు.

డిస్కోరాణి

ఆయన ధైర్యానికి నా నమస్కారం. గౌను పాలియెస్టర్ అయితే నాకు చెప్పండి.

సాయంకాలపు షికారు

చాలా నేర్చుకున్నాను. నూలు, లినెన్ బయటకు. రేయాన్ చల్లని హాలుకు. నా దగ్గరున్న ఒకే ఒక్క 30ల పట్టు గౌను అద్దాలబీరువా గారి పక్షానికి. మిగిలింది చెమట, సన్‌స్క్రీన్ గొడవ. తెల్ల గౌను మెడ దగ్గర తుప్పు రంగు మచ్చలు పడ్డాయి. లోహపు వస్తువేదీ తగలలేదు. బ్లీచింగ్ పొడితో ఉతకమంటున్నారు.

నూలుపోగు

బ్లీచింగ్ పొడి వద్దు, మచ్చ ముదురుతుంది. చాలా సన్‌స్క్రీన్లలో ఏవోబెంజోన్ అనే పదార్థం ఉంటుంది. నీటిలో ఇనుము ఉంటే దానితో కలిసి తుప్పు రంగు మచ్చ వేస్తుంది. దీన్ని తుప్పు మచ్చగానే చూడాలి. సిట్రిక్ ఆమ్లం నీటిలో కలిపి, ముందు లోపలి కుట్టు మడతమీద ఒక చుక్క వేసి రంగు పోవడం లేదని చూసుకొని, ఆ తరువాత మచ్చమీద రాసి, బాగా జాడించండి. ఇకమీదట జింక్ ఆక్సైడ్ రకం వాడండి. రాసుకున్నాక ఒంటిలోకి ఇంకేదాకా ఆగి బట్ట తొడగండి.

బొత్తాలపెట్టె

చంకల విషయంలో, చెమటను ఆపే పూతల్లోని అల్యూమినియం లవణాలు పాత పట్టుకు చెమటకన్నా ఎక్కువ చెరుపు చేస్తాయి. నూలు గుడ్డతో అర్ధచంద్రాకారపు చంక పలకలు కుట్టి, లోపల పొడుగు కుట్లతో తగిలించండి. ఆనాటివారూ అదే చేసేవారు. ఇంటికి రాగానే పలకలు విప్పి వాటినే ఉతకాలి, గౌనును నీడలో గాలికి ఆరవేయాలి. చెమట పట్టిన బట్టను అలాగే బీరువాలో పెడితే పురుగులను పిలిచినట్టే. ఉన్నికీ పట్టుకూ ఎంజైములున్న సబ్బుపొడి వాడవద్దు. రక్తం, చెమట మరకలను కరిగించే ఆ ఎంజైమే పట్టు దారాన్ని కూడా కరిగిస్తుంది, ఎందుకంటే రెండూ మాంసకృత్తులే.

మెట్రోపక్షి

సంతలో కొన్నవాటికి కలరా ఉండల వాసన వదలడం లేదు. మెట్రోలో నా పక్క సీటు ఖాళీగా ఉండడానికి అసలు కారణం అదేనని ఇప్పుడు అర్థమవుతోంది.

బొత్తాలపెట్టె

ఓపికతోనే వదులుతుంది. గాలి బాగా ఆడే నీడలో కొన్ని వారాలు వేలాడదీయండి. నేరుగా ఎండలో వేస్తే వాసన త్వరగా పోతుంది గాని, రంగూ దానితోనే పోతుంది. అత్తరు చల్లి కప్పిపుచ్చకండి, రెండు వాసనలు కలిసి మూడోది పుడుతుంది.

రెండువరసల బొత్తాలు

అస్తరు లేని సీర్‌సకర్ కోటు దొరికింది. 60ల నాటిదట, మోచేతి దగ్గర ఒక రఫ్ఫు ఉంది. దానికి జోడుగా పాత గడ్డి టోపీ కూడా తీసుకున్నాను. టోపీ అంచు దగ్గర చిటపటమంటోంది. దీనికేమైనా మందుందా?

గడ్డిటోపీ

గడ్డి బాగా ఎండిపోయిందన్నమాట. వేడినీటి ఆవిరికి కొంచెం దూరంగా, తిప్పుతూ, కాసేపు పట్టుకుంటే మెత్తబడుతుంది. నానబెట్టవద్దు. టోపీని ఎత్తేటప్పుడు ముందు భాగంలో నొక్కి పట్టుకోకండి, అక్కడే మొదట పగులుతుంది. రెండు చేతులతో అంచు పట్టుకొని ఎత్తండి. లోపలి తోలు పట్టీకి చెమట పట్టిన రోజు, ఆ పట్టీని బయటకు మడిచి, టోపీని తలకిందులుగా పెట్టి ఆరబెట్టండి. ఎండలో ఆపిన కారులో మాత్రం ఎప్పుడూ వదలవద్దు. ఇక సెప్టెంబరు 15 తరువాత కూడా నిశ్చింతగా పెట్టుకోవచ్చు, ఆ కుర్రవాళ్లెవరూ ఇప్పుడు లేరు.